ఒకే మేడ మీద రెండు మెష్ నోడ్లు: గాలిలో వద్దు, వైరుతో కలపాలంటే?

మల్కాజిగిరి మేడ · శనివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ మేడ మీద, వాటర్ ట్యాంకు పక్కన నిలబెట్టిన పైపుకి రెండు ఆరెడెన్ నోడ్లు, అంటే హ్యామ్ (హాబీ రేడియో) వాళ్లు ఒకరి నుంచి ఒకరికి డేటా అందించుకునే మెష్ నెట్‌వర్క్ రేడియోలు, బిగించాను. రెండూ 5 గిగాహెర్ట్జ్‌వే. ఒకటి డిష్, సైనిక్‌పురి సర్ వాళ్ల ఇంటి వైపు. నేరుగా గీత గీస్తే 5 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రెండోది చిన్న ప్యానెల్, తార్నాక వైపు. అక్కడ మా ఫ్రెండ్ నోడ్ ఉంది. విడివిడిగా చూస్తే రెండు లింకులకీ వంక పెట్టేందుకు లేదు.

తార్నాక నుంచి సైనిక్‌పురికి ఏదైనా పంపితేనే చిక్కు. మా మేడ దాటేసరికి స్పీడ్ సగం కూడా మిగలట్లేదు. అన్ని చోట్లా ఒకే చానల్ పెట్టాం, అందుకని పక్కపక్కనే ఉన్న మా రెండు నోడ్లు కూడా గాలిలోనే మాట్లాడుకుంటున్నాయి. "ఆ రెండింటినీ వైరుతో కలిపెయ్, చిక్కు పోతుంది" అని ఎవరో అన్నారు. అటక మీద పడి ఉన్న పాత ఐదు పోర్టుల స్విచ్ దించి రెండు కేబుళ్లూ అందులో పెట్టాను. లాప్‌టాప్ కూడా అందులోకే.

ఇప్పుడు స్టేటస్ పేజీలో రెండు నోడ్లూ ఒకదానికొకటి వైరు మీద కనిపిస్తున్నాయి. మెష్‌చాట్ అనే చాట్ ప్రోగ్రామ్‌లో మెసేజ్‌లు టకటకా వెళ్తున్నాయి. ఫొటో పంపితే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది, చేరదు. పైగా లాప్‌టాప్‌కి పొద్దున ఒక నోడ్ ఇచ్చిన అడ్రస్ వస్తే, సాయంత్రానికి రెండోది ఇచ్చిన అడ్రస్ ఉంటోంది. ఎక్కడ చూడాలి?

వీల్యాన్ అక్క · శనివారం, రాత్రి 10:20

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. తేలికైనది ముందు చూద్దాం.

ఆరెడెన్ నోడ్‌కి చాలావాటిలో ఉండేది ఒక్కటే ఈథర్నెట్ పోర్టు. ఆ ఒక్క వైరు మీదే మూడు రకాల ట్రాఫిక్ నడుస్తుంది. కలిసిపోకుండా ప్యాకెట్లకి నంబర్ ట్యాగ్ తగిలిస్తారు, దాన్నే వీల్యాన్ అంటారు. ట్యాగ్ లేనిది నోడ్ తాలూకు లోకల్ నెట్‌వర్క్, అంటే మీ లాప్‌టాప్, ఐపీ ఫోన్ వగైరా. వీల్యాన్ 1 ట్యాగ్ ఉన్నది బయటి ఇంటర్నెట్ కోసం. వీల్యాన్ 2 ట్యాగ్ ఉన్నది నోడ్‌కీ నోడ్‌కీ మధ్య నడిచే లింకు, డీటీడీ అని అందరూ అనేది దాన్నే. దీనికి ప్రత్యేకంగా ఆన్ చేయాల్సిన బటన్ ఏమీ లేదు. ట్యాగ్ 2 ఉన్న ప్యాకెట్లు అటూఇటూ పోగలిగితే చాలు, నోడ్లే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

మీ మామూలు స్విచ్ ట్యాగుల జోలికి పోకుండా అన్నీ అందరికీ వదిలేస్తుంది. దాంతో వీల్యాన్ 2 దాటింది, లింకు పడింది. కానీ ట్యాగ్ లేని లోకల్ నెట్‌వర్కులు కూడా కలిసిపోయాయి. రెండు నోడ్లలోనూ డీహెచ్‌సీపీ, అంటే అడ్రస్‌లు పంచే సేవ, నడుస్తూ ఉంటుంది. లాప్‌టాప్ "నాకో అడ్రస్ ఇవ్వండి" అని అడిగితే ఎవరు ముందు పలికితే వాళ్లదే. అందుకే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

ఇవాళ్టికి పని జరగాలంటే ఒక నోడ్‌లో డీహెచ్‌సీపీ ఆపెయ్యండి. శాశ్వతంగా కావాలంటే వీల్యాన్ తెలిసిన స్మార్ట్ స్విచ్ కొనుక్కోండి. ఫొటో సంగతి నాకు ఇంకా అనుమానంగానే ఉంది.

నైట్ షిఫ్ట్ · శనివారం, రాత్రి 11:58

ఫొటో సంగతి నేను చెప్తా. అన్నా, ఆ స్విచ్ ఏ కాలం నాటిది? లాప్‌టాప్ నుంచి తార్నాక నోడ్‌కి పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే పరీక్ష ప్యాకెట్) కొట్టు, ప్యాకెట్ సైజు 1468 పెట్టి ఒకసారి, 1472 పెట్టి ఒకసారి. ముక్కలు చేయొద్దు అనే ఆప్షన్ కూడా పెట్టు. ఏమొచ్చిందో ఇక్కడ రాయి.

మల్కాజిగిరి మేడ · ఆదివారం, ఉదయం 7:10

1468కి జవాబు వస్తోంది, ఒక్కటి కూడా పోవట్లేదు. 1472కి ఒక్క జవాబు లేదు! నాలుగు బైట్లకే ఇంత తేడానా?

నైట్ షిఫ్ట్ · ఆదివారం, మధ్యాహ్నం 1:05

ఇప్పుడే లేచా. ఆ నాలుగు బైట్లే అసలు దొంగ. లెక్క చూడు: పింగ్‌లో 1472 బైట్ల డేటా, దాని హెడర్ 8, ఐపీ హెడర్ 20, మొత్తం 1500. ఈథర్నెట్ తన వంతుగా 18 కలుపుతుంది, 1518. పాత స్విచ్‌లలో కొన్నిటికి అదే హద్దు. వీల్యాన్ ట్యాగ్ ఇంకో 4 బైట్లు మోసుకొస్తుంది కాబట్టి 1522 అవుతుంది. నీ స్విచ్ దాన్ని పాడైన ప్యాకెట్ అనుకుని చెత్తబుట్టలో పడేస్తోంది, ఎర్రర్ కూడా చెప్పదు. 1468 అయితే ట్యాగుతో కలిపి సరిగ్గా 1518, గడప దాటుతుంది.

మెసేజ్‌లు చిన్నవి కాబట్టి పోతున్నాయి. ఫొటో అంటే ప్రతి ప్యాకెట్ నిండుగా ఉంటుంది, ఒక్కటీ దాటదు. రూటింగ్ సమాచారం కూడా చిన్నదే, అందుకే స్టేటస్ పేజీ అంతా పచ్చగా కనిపిస్తుంది. స్విచ్ పక్కన పెట్టి రెండు నోడ్లనీ నేరుగా ఒకే కేబుల్‌తో కలిపి చూడు.

మల్కాజిగిరి మేడ · ఆదివారం, సాయంత్రం 6:30

కలిపాను. నోడ్లకి నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపే రెండు పీఓఈ ఇంజెక్టర్ల డేటా పోర్టుల మధ్య చిన్న కేబుల్ వేశాను. సైనిక్‌పురి, తార్నాకల మధ్య ఫొటోలు వెళ్తున్నాయి, 1472 పింగ్ కూడా! థాంక్స్ అన్నా. కానీ ఇలా పెడితే లాప్‌టాప్‌కి చోటు లేదు కదా.

కోఠి కేబుల్ · ఆదివారం, రాత్రి 8:15

భయ్యా, ఇంజెక్టర్ మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. ఈ నోడ్లలో ఎక్కువ వాటికి వచ్చేది 24 వోల్టుల పాసివ్ పీఓఈ. కొత్త స్విచ్‌ల పీఓఈ అవతల ఏముందో అడిగి, జవాబు వచ్చాకే కరెంటు ఇస్తుంది. పాసివ్ ఏమీ అడగదు, ఇచ్చేస్తుంది. 4, 5 నంబర్ తీగల మీద ప్లస్, 7, 8 మీద మైనస్. ఇంజెక్టర్‌లో రెండు కన్నాలూ ఒకేలా ఉంటాయి, చీకట్లో తారుమారు చేస్తే ఆ 24 వోల్టులు పోయి స్విచ్‌లోనో లాప్‌టాప్‌లోనో కూర్చుంటాయి. నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టుకో. నేను కొన్న రోజే పెట్టేస్తా.

ఇంకోటి, మేడ మీది కేబుల్ ఏం వాడావు? గుజరాతీ గల్లీలో అయినా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అయినా చవగ్గా వచ్చే బండిల్ చాలామటుకు రాగి పూత పూసిన అల్యూమినియమే. తీగని బ్లేడుతో గీకు. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. మన ఎండకీ వానకీ అది జాక్ దగ్గరే పుటుక్కున విరుగుతుంది. లింకు పడుతుంది, పోతుంది, పడుతుంది, పోతుంది, నువ్వు ఫర్మ్‌వేర్‌ని (నోడ్ లోపలి సాఫ్ట్‌వేర్‌ని) తిట్టుకుంటూ ఉంటావు. అవుట్‌డోర్ రకం అడుగు, పైన నల్ల తొడుగు, లోపల అసలు రాగి. రేటు ఎక్కువే, బేరం కుదరదు.

కొత్త లైసెన్స్ · ఆదివారం, రాత్రి 9:00

నమస్తే అండి, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, ఈ మధ్యే పరీక్ష పాసయ్యాను. రెండు డౌట్లు. అసలు రేడియో హాబీలో వైరు ఎందుకు? రెండోది, లోరా బోర్డులతో (తక్కువ పవర్‌తో దూరం పోయే చిన్న రేడియోలతో) చవగ్గా మెష్ వస్తుంటే ఇంత హడావుడి దేనికి?

సైనిక్‌పురి షాక్ · ఆదివారం, రాత్రి 9:50

బాబూ, మంచి ప్రశ్నే అడిగావు. రేడియోవాళ్లం కదా అని వైరుని చిన్నచూపు చూసేవాళ్లు మాలోనూ ఉన్నారు.

ఒక చానల్‌లో ఒక సమయంలో ఒకరే మాట్లాడాలి. తార్నాక ప్యాకెట్ ప్యానెల్ దగ్గరికి రావడానికి కొంత సమయం, ప్యానెల్ నుంచి డిష్‌కి ఇంకొంత, డిష్ నుంచి నా ఇంటికి ఇంకొంత. అన్నీ ఒకే చానల్ కాబట్టి ఒకటి నడుస్తుంటే మిగతావి నోరు మూసుకుని కూర్చోవాలి. పక్కపక్కనున్న రెండు యాంటెన్నాలు మీటరు దూరానికి గాలిని వాడుకుంటే, 5 కిలోమీటర్ల లింకుకి మిగిలేది ఏముంటుంది? ఆ మీటరు పని వైరుకి అప్పగించాలి. పాత ఫర్మ్‌వేర్‌లో ప్యాకెట్లకి దారి ఎంచే ఒఎల్ఎస్ఆర్ పద్ధతిలో మచ్చలేని రేడియో లింకుకి ఖర్చు 1 అయితే, డీటీడీ వైరుకి 0.1. అంటే వైరు దొరికితే ప్యాకెట్లు అటే పోతాయి. కొత్తగా వచ్చిన బేబెల్ పద్ధతి కూడా వైరుకే మొగ్గు చూపుతుంది.

లోరా సంగతి. 865 మెగాహెర్ట్జ్ దగ్గర అది చక్కగా పనిచేస్తుంది, నా దగ్గరా ఒకటుంది. కానీ దాని మీద పోయేది చిన్న చిన్న మెసేజ్‌లే. ఫొటో, ఐపీ ఫోన్, కెమెరా కావాలంటే ఈ 5 గిగాహెర్ట్జ్ సరంజామా తప్పదు. రెండింటికీ పోటీ పెట్టకు.

మల్కాజిగిరి తమ్ముడికి: వైరు వేసినంత మాత్రాన సరిపోదు, చానల్స్ విడదీయాలి. లేకపోతే నీ రెండు రేడియోలు ఒకదాని అరుపు ఒకటి వింటూనే ఉంటాయి. మనిద్దరి లింకు 5745కి, తార్నాక లింకు 5825కి పెడదాం, వెడల్పు 10 మెగాహెర్ట్జ్. మన హ్యామ్ లైసెన్స్‌లో ఉన్న 5725 నుంచి 5840 లోపే రెండూ ఉంటాయి. ఫర్మ్‌వేర్ మెనూ అమెరికావాళ్ల కోసం రాసింది, అందులో 5900 దాటి కూడా చానల్స్ కనిపిస్తాయి. 2.4లో అయితే మైనస్ గుర్తుతో 2400 కిందికి జారేవి కూడా ఉంటాయి. కనిపించింది కదా అని నొక్కకండి. చానల్ మార్చేటప్పుడు ఎప్పుడూ దూరపు నోడ్ ముందు, దగ్గరది తర్వాత. తిరగేస్తే తార్నాక దాకా బండి వేసుకుని పోవాలి.

వీల్యాన్ అక్క · ఆదివారం, రాత్రి 10:30

సర్ చెప్పినదానికి ఒక చిన్న జోడింపు. చానల్స్ విడదీసినా యాంటెన్నాలు మరీ అంటుకుని ఉంటే ఒకటి పంపుతున్నప్పుడు రెండోదానికి చెవులు దిబ్బళ్లు పడతాయి. ఒకే పైపు మీద పక్కపక్కన కాకుండా పైనొకటి, కిందొకటి పెట్టండి. వీలైనంత ఎడంగా.

స్మార్ట్ స్విచ్ కొన్నాక ఇలా చేయండి. 1వ పోర్టులో డిష్, 2లో ప్యానెల్, 3లో లాప్‌టాప్ అనుకుందాం. వీల్యాన్ 2 ట్యాగుతో 1, 2 పోర్టుల్లో మాత్రమే ఉండాలి. అదే డీటీడీ. ట్యాగ్ లేని ట్రాఫిక్ కోసం వీల్యాన్ 10 సృష్టించి 1, 3 పోర్టులు అందులో వేయండి, ఆ రెండు పోర్టుల పీవీఐడీ (ట్యాగ్ లేకుండా వచ్చినదాన్ని ఏ వీల్యాన్‌లో వేయాలో చెప్పే నంబర్) 10. ప్యానెల్ పోర్టు ఒక్కదాన్నే వీల్యాన్ 20లో, పీవీఐడీ 20. ఇప్పుడు లాప్‌టాప్ ఎప్పుడూ డిష్ నోడ్ నుంచే అడ్రస్ తీసుకుంటుంది. రెండు నోడ్లలోనూ డీహెచ్‌సీపీ ఆన్‌లోనే ఉంచుకోవచ్చు, గొడవ ఉండదు. 5వ పోర్టుని ఊరికే వదిలేయండి, వీల్యాన్ 1లో. స్విచ్ సెట్టింగ్ పేజీకి దారి అదే, అది కూడా మార్చేస్తే రీసెట్ సూదితో కుస్తీ పట్టాలి.

కొనేముందు ఒకటి చూడండి. చవక స్విచ్‌లలో కొన్ని, ఏ పోర్టునీ వీల్యాన్ 1 నుంచి బయటికి తీయనివ్వవు. ఆరెడెన్‌లో వీల్యాన్ 1 అంటే ఇంటర్నెట్ వైపు కాబట్టి అలాంటిది మనకి పనికిరాదు.

స్విచ్ వద్దనుకుంటే మైక్రోటిక్ హ్యాప్ ఏసీ లైట్‌లో కూడా ఆరెడెన్ ఎక్కుతుంది. దాని 1వ పోర్టు ఇంటర్నెట్‌కి, 2 నుంచి 4 లోకల్‌కి, 5వది డీటీడీకి. ఒక నోడ్‌కైతే ఆ 5వ పోర్టు నుంచే పీఓఈ కూడా ఇవ్వొచ్చు. మీకున్నది రెండు నోడ్లు కాబట్టి స్విచ్చే నయం.

జియో ఉండగా · సోమవారం, ఉదయం 8:40

అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. ఇంటింటికీ ఫైబర్, చేతిలో 5జీ ఉన్న ఊళ్లో ఇదంతా ఎవరి కోసం? ఆరెడెన్‌లో ఇంటర్నెట్ మీదుగా నోడ్లని కలిపే టన్నెల్ అనే సదుపాయం ఉందిగా, మూడు ఇళ్లనీ దానితో కలిపేస్తే గంటలో పని అయిపోతుంది.

సైనిక్‌పురి షాక్ · సోమవారం, ఉదయం 10:15

అవుతుంది. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన గుర్తుందా? నీళ్లు నిలిచిన కాలనీల్లో కరెంటు తీసేశారు. కరెంటు లేకపోతే ఇంట్లో ఫైబర్ డబ్బా లేదు, టవర్ బ్యాటరీ ఎంతసేపో దానికే తెలియాలి. టన్నెల్ నడిచేది ఆ ఇంటర్నెట్ మీదే. అవసరం వచ్చిన రోజున ముందు పోయేదాన్ని పునాదిగా పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. సరదాగా ప్రయోగానికైతే చేసుకోండి.

ఇది మన ఊరికి కొత్త సంగతి కూడా కాదు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో హ్యామ్ స్టేషన్ నడుపుతున్న భారతీ ప్రసాద్ గారి బృందం సోమాజిగూడలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లినదే. వాళ్లు అక్కడికి వెళ్లింది దూర దేశాల హ్యాములతో రేడియోలో మాట్లాడటం కోసం, సునామీ వచ్చాక సహాయక సమాచారం మోశారు. ముందే బిగించి, పరీక్షించి ఉన్న సెట్టు కాబట్టే పనికొచ్చింది.

ఇంకొక మాట. మెష్‌ని ఇంటి ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకండి. ఇవాళ వెబ్‌సైట్లు దాదాపు అన్నీ ఎన్‌క్రిప్షన్‌తోనే, అంటే మధ్యవాళ్లకి అర్థం కాకుండా, నడుస్తాయి. హ్యామ్ లైసెన్స్ కింద అర్థం దాచిన సందేశం పంపకూడదు.

రాతినేల · సోమవారం, రాత్రి 9:20

ఇంతమంది ఇన్ని చెప్పారు, పిడుగు మాట ఎవరూ ఎత్తలేదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురు గాలితో వచ్చే వాన చూశారుగా. మేడ మీద ఎత్తైన పైపు, దాని నుంచి ఇంట్లోకి రెండు రాగి తీగలు. డీటీడీ కలిపాక ఒక నోడ్‌కి తగిలిన సర్జ్ (హఠాత్తుగా ఎగసే వోల్టేజ్) రెండోదాన్నీ స్విచ్‌నీ కూడా పలకరిస్తుంది.

నేరుగా పడే పిడుగుని ఆపే డబ్బా బజార్లో దొరకదు. దగ్గర్లో పడినప్పుడు వచ్చే సర్జ్ కోసం ఈథర్నెట్ సర్జ్ ప్రొటెక్టర్లు పెట్టాలి, కేబుల్ ఇంట్లోకి దిగే చోట ఒక్కోదానికి ఒకటి. వాటి ఎర్త్ తీగ లావుగా, పొట్టిగా, వంపులు లేకుండా దిగాలి. పైపుకి కూడా ఎర్త్ ఉండాలి, అది మీ బిల్డింగ్ ఎర్త్‌తో కలిసి ఉండాలి. రెండు ఎర్త్‌లు విడివిడిగా ఉంటే వాటి మధ్య వోల్టేజ్ తేడా మీ నోడ్ గుండానే సర్దుకుంటుంది.

హైదరాబాద్‌లో ఎర్త్ పిట్ అంటే తమాషా కాదు. మౌలాలి గుట్ట నీడలో ఉన్నారు మీరు, నాలుగడుగులు తవ్వితే గ్రానైట్ తగులుతుంది. రాయికి కరెంటుని మింగే గుణం లేదు. మామూలు కడ్డీ ఒకటి దిగ్గొట్టి వదిలేస్తే మీటర్ పెట్టి చూడండి, ఏడుపొస్తుంది. బెంటొనైట్ (తడి పట్టి ఉంచే బంకమట్టి) నింపిన గుంత, లేదా రెండు మూడు కడ్డీలు దూరదూరంగా వేసి కలపడం. వేసవిలో తడి ఆరిపోతుంది, నీళ్లు పోస్తుండాలి. ఈ పనికి లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.

కొత్త లైసెన్స్ · సోమవారం, రాత్రి 10:05

మా ఫ్రెండ్ ఇల్లు మా ఇంటికి మూడు బిల్డింగులు అవతల, 80 మీటర్లు ఉంటుంది. ఈథర్నెట్ 100 మీటర్ల దాకా పోతుంది కదా, అక్కడిదాకా వైరు లాగి డీటీడీ చేయొచ్చా అండి?

రాతినేల · సోమవారం, రాత్రి 10:25

పొడవు సరిపోతుంది, రాగి వద్దు. నీ బిల్డింగ్ ఎర్త్ వేరు, వాళ్లది వేరు. మధ్యలో రాగి తీగ కడితే పైన చెప్పిన సర్దుబాటంతా అందులోనే జరుగుతుంది. అటొక మీడియా కన్వర్టర్ (రాగి వైరు సిగ్నల్‌ని ఫైబర్‌కి మార్చే డబ్బా), ఇటొకటి, మధ్యలో ఇనుప తీగ లేని ఫైబర్. గాజులో కరెంటు నడవదు. అవి వీల్యాన్ ట్యాగుని దాటనిస్తాయో లేదో నైట్ షిఫ్ట్ చెప్పిన 1472 పింగ్‌తోనే చూసుకో. మేడ నుంచి మేడకి, మధ్య ఇళ్లవాళ్ల ఒప్పుకోలుతో లాగు. కరెంటు స్తంభం జోలికి మాత్రం పోవద్దు. లేదంటే 80 మీటర్లకి రేడియోనే హాయి, పవర్ బాగా తగ్గించి.

మల్కాజిగిరి మేడ · శుక్రవారం, రాత్రి 9:15

అప్‌డేట్. స్మార్ట్ స్విచ్ వచ్చింది, అక్క చెప్పినట్టే పోర్టులు వేశాను. ప్యానెల్‌ని పైపు అడుగుకి దించాను. తార్నాకలో ఫ్రెండ్ చానల్ మార్చాక ఇక్కడ మార్చాను, లింకు వెంటనే పడింది. సైనిక్‌పురి సర్ సెట్టు నుంచి తార్నాక కెమెరా ఇప్పుడు ఆగకుండా కనిపిస్తోంది. లాప్‌టాప్ అడ్రస్ మారట్లేదు. కేబుల్‌ని బ్లేడుతో గీకి చూశాను, లోపల తెల్లగానే ఉంది, ఆదివారం కోఠి వెళ్తున్నా. ఎర్త్ గురించి అసోసియేషన్ సెక్రటరీ గారితో మాట్లాడాను, లిఫ్ట్ ఎర్త్ పిట్ పక్కనే చోటు ఇస్తామన్నారు. ఎలక్ట్రీషియన్ చూసి చెప్పాలి.

నైట్ షిఫ్ట్ · శుక్రవారం, రాత్రి 11:40

సూపర్. స్విచ్ దేని మీద నడుస్తోంది? నోడ్లకి బ్యాటరీ పెట్టి స్విచ్‌ని గోడ ప్లగ్గులో వదిలేస్తే, కరెంటు పోయిన క్షణం నీ మేడ మళ్లీ రెండు ముక్కలవుతుంది. ఈసారి చానల్స్ కూడా వేరు కాబట్టి గాలిలో కూడా కలవవు. స్విచ్ అడాప్టర్ మీద రాసిన వోల్టేజ్ చూసి, దానికి సరిపడే కన్వర్టర్‌తో అదే బ్యాటరీకి కట్టెయ్.

సైనిక్‌పురి షాక్ · శనివారం, ఉదయం 6:50

ఫర్మ్‌వేర్ సంగతి కూడా తేల్చుకుందాం. నా నోడ్ ఇంకా ఒఎల్ఎస్ఆర్ మాత్రమే ఉన్న పాత వెర్షన్‌లోనే ఉంది. మీలో ఎవరైనా బేబెల్ ఒక్కటే ఉన్న వెర్షన్‌కి ముందే వెళ్లిపోతే, సిగ్నల్ ఎంత బాగున్నా, వైరు ఎంత గట్టిగా ఉన్నా మన నోడ్ల మధ్య దారి దొరకదు. నేను రేపు పొద్దున మేడెక్కి అప్‌డేట్ చేస్తాను. అయ్యాక ఇక్కడ రాస్తాను, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకండి.